జీర్ణోద్ధరణమా? రూపాంతరమా? – ఒక అంగడిమేడను గూర్చిన విమర్శ

దేవాలయము శిథిలమైనప్పుడు దానిని బాగుచేయుటకు మన పెద్దలు జీర్ణోద్ధరణమని పేరిడిరి. ఆ పనికి పూనుకొనుటకు ముందు మూలవిరాట్టునందలి కళను కలశమునందు ఆవాహనము చేసి, బాలాలయమను చిన్నగుడిలో నిలిపి, నిత్యార్చన చెడకుండ కాపాడుదురు. గోడలు పూర్తియైన పిమ్మట కుంభాభిషేకముతో ఆ కళను మరల గర్భగుడికి చేర్చుదురు. ఇందలి ధర్మసూక్ష్మ మొక్కటే. రాయి మారవచ్చును, సున్నము మారవచ్చును, గోపురమునకు క్రొత్తరంగు వేయవచ్చును. కాని ఏ సన్నిధి కొరకు ఆ గుడి కట్టబడినదో ఆ సన్నిధి ఒక్క దినమైనను దిక్కులేనిది కారాదు.

ఈ ధర్మమును గుళ్ళకే గాక ఇతర కట్టడములకును అన్వయించి చూడవచ్చునని మా తలంపు. ఇంటిని బాగుచేసినను, బడిని బాగుచేసినను, తుదకు అంగడిని బాగుచేసినను అడుగవలసిన ప్రశ్న యదియే: పని ముగిసిన పిమ్మట లోనికి తిరిగివచ్చిన దెవరు? అంగడికి ఆలయధర్మమును పట్టించుట అతిశయమని కొందరు నవ్వవచ్చును. కాని మేము విమర్శింపబూనిన అంగడి మనకు పరాయిది కాదు. మన తాతలు, తండ్రులు బట్ట నేసిన వాడలో వెలసిన దది. అందుచేత దాని మంచిచెడుగులను విచారించుటకు మహారాష్ట్రమందలి తెలుగువారికి కొంత హక్కును, కొంత బాధ్యతయు గలవని నమ్మి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ముంబయి నగరమున లోయర్ పరేలునందు సేనాపతి బాపట్ మార్గముపై నున్న ఫీనిక్స్ మాల్ మా విమర్శకు విషయము. నేడు దానిని ఫీనిక్స్ పెలేడియమని వ్యవహరించుచున్నారు. అంతకుముందు అది హైస్ట్రీట్ ఫీనిక్స్. దానికిని ముందు ఫీనిక్స్ మిల్లు. పేరులనుబట్టియే కథ సగము తెలియును. మిల్లనగా పనిచోటు. హైస్ట్రీటనగా ఆంగ్లదేశపు ఊళ్ళలో అందరును తిరుగు పెద్దబజారు. పెలేడియమనునది గ్రీకుల పురాణకథలలో ట్రాయి నగరమును కాపాడిన పల్లాస్ దేవతావిగ్రహము పేరు. పిదప నాటకశాలలకును మేడలకును ఆడంబరార్థము ఆ పేరు పెట్టుచు వచ్చిరి. ఇట్లు పనిచోటు వీధియై, వీధి ప్రాసాదమైనది. ప్రతి మెట్టునను కట్టడము అందగించినది. ప్రతి మెట్టునను వాకిలి కొంత యిరుకైనది. మా విమర్శయొక్క సారాంశ మిదియే.

కావస్జీ దావరు అను పార్సీ వర్తకుడు 1854లో ముంబయియందు నూలుమిల్లు స్థాపనకు పూనుకొనెను. 1856లో ఆ మిల్లు నడువసాగెను. అది మొదలు నగరపు నడిమిభాగమంతయు మిల్లులతో నిండి, గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అను పేరు పొందెను. ఫీనిక్స్ మిల్లు కంపెనీ 1905లో ఏర్పడినది. ఈ మిల్లుల వాడలకు కొంకణమునుండి, సతారానుండి, ఉత్తరదేశమునుండి జనము వచ్చినట్లే తెలంగాణమునుండి మనవారును వచ్చిరి. అంతకు ముందే వచ్చి నగరపు కట్టడములకు రాయి మోసిన కామాఠీల పేర కామాఠిపుర మేర్పడినది. పిదప కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు చేతిమగ్గము కడుపు నింపకపోగా మిల్లు సాంచాలను వెదకికొనుచు వచ్చిరి. కొందరు ముంబయిలో నిలిచిరి; కొందరు షోలాపురమునకు, భివండికి చేరిరి. వర్లీలో, లోయర్ పరేలులో, ప్రభాదేవిలో చాళ్ళ గదులలో పదిమంది యొకగదిగా బ్రదికి, ఖానావళిలో భోజనము చేసి, భోంగా మ్రోగగానే షిఫ్టునకు పరుగిడిన ఆ తరమువారు మన సంఘములకు పునాదిరాళ్ళు. వారు చందాలు వేసికొని పెట్టిన భజనమందిరములు, తెలుగు బడులు, చిన్న చిన్న గ్రంథాలయములు లేనిచో నేడీ సంచికయే ఉండెడిది కాదు.

మిల్లు కట్టడమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. మారిన దేదో తెలియవలెనన్న మొదట ఉండిన దేదో తెలియవలెను గదా. నూలువడకు శాలలను అంతస్తులుగా కట్టెడివారు. నేతశాలలను మాత్రము తరచుగా నేలమట్టమున ఒకే అంతస్తుగా కట్టెడివారు. ఏలయన వందలాది సాంచాలు ఒక్కసారి ఆడినప్పుడు పుట్టు అదురును పై అంతస్తు ఓర్వజాలదు. ఆ శాలల పైకప్పు రంపపుపండ్లవలె ఎగుడుదిగుడుగా నుండి, నిలువు ముఖమున అద్దములుండెడివి. ఆ అద్దములు ఉత్తరపుదిక్కు చూచునట్లు అమర్చెడివారు. ఎండ సూటిగా పడక, నీడపడని సమమైన వెలుతురు లోనికి వచ్చి, తెగిన పోగు నేతగాని కంట బడుట కది యుపాయము. గాలి పొడిబారినచో నూలు తెగును గావున లోపల తేమ నిలిపెడివారు. ఆవిరి యంత్రముల కొరకు బాయిలరు, బాయిలరు కొరకు చెరువు, పొగ కొరకు ఎత్తైన గొట్టము. 1915 మొదలు టాటావారి జలవిద్యుత్తు మిల్లులకు అందుచు రాగా ఆవిరి ప్రాముఖ్యము తగ్గెను. గొట్టములు మాత్రము నిలిచినవి. ఇట్లు మిల్లులోని ప్రతి గోడకును ప్రతి కిటికీకిని పనియే కారణము. అందము కొరకు కట్టినది కొంచెమే. కాని పనికి సరిగా అమరిన దానియం దొక అందము తనంత వచ్చును.

1982వ సంవత్సరము జనవరి 18వ తేదీన దత్తా సామంతుగారి నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మె చేసిరి. ఆ సమ్మె ముగిసినదని ఎవరును ప్రకటింపలేదు. మిల్లులే క్రమముగా ముగిసినవి. అటుపిమ్మట దృష్టియంతయు యంత్రములనుండి నేలమీదికి మరలెను. మిల్లుల చేతిలో నున్న భూమి సుమారు 600 ఎకరములు. 1991నాటి అభివృద్ధి నియమములలో 58వ దానినిబట్టి, మిల్లుభూమిని ఇతరోపయోగమునకు మార్చినచో స్థూలముగా మూడవవంతు నగరపాలనమునకు తోటలు, మైదానముల కొరకును, మూడవవంతు ప్రజలగృహముల కొరకును, మూడవవంతు యజమానికిని చెందవలెను. 1996లో చార్లెస్ కొరియాగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఈ భూముల నన్నిటిని ఒక్కటిగా ఊహించి ప్రణాళిక వేయవలెనని సూచించెను. 2001లో నియమమును సవరించి, కట్టడములు లేని ఖాళీభూమికే ఆ పంపకమును పరిమితము చేసిరి. 2005లో ముంబయి హైకోర్టు ఆ పరిమితిని అంగీకరింపకున్నను, 2006లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టెను. ఫలితముగా ప్రతి మిల్లు ప్రాకారమును తన దారిన తాను మారసాగెను. ఊరంతటికి కావలసిన ఆలోచన ప్రాకారముల వెలుపలనే నిలిచిపోయినది.

ఇక ఫీనిక్స్ తొలిరూపాంతరమును విచారింతము. 1990ల చివర మిల్లు ఆవరణమున బౌలింగు ఆటశాల వంటి వినోదములు మొదలై, క్రమముగా అంగళ్ళు వచ్చినవి. పాత కట్టడములను పూర్తిగా నేలమట్టము చేయక వానియందే క్రొత్త వ్యాపారములను నింపిరి. మిల్లులోపలి ఆవరణము అంగడిముంగిలియైనది. ఆకాశము కనబడుచుండెడిది; వాన పడినచో తడిసెడివారము. ఖరీదైన వస్త్రశాలలకు కూతవేటు దూరమున బిగ్ బజార్ అను చౌకబేరపు పెద్దయంగడి యుండెడిది. పప్పు, బియ్యము, ఉక్కుగిన్నెలు, పిల్లల బడిసంచులు కొనుటకు చాళ్ళనుండి కుటుంబములు కదలివచ్చెడివి. కొనుటకు వచ్చినవారితోపాటు ఊరక చూచుటకు వచ్చినవారును ముంగిట కూడెడివారు. ఆ కూడలియందు తీరుతెన్ను లేదని నాగరకులు కొందరు ముక్కు విరిచినమాట నిజమే. మా మట్టుకు మేము ఈ మూడు రూపములలో ఆ నడిమిదానినే ఉత్తమమని తలంతుము. సంతకు ఉండవలసిన మిశ్రమగుణము దానియందుండెను. పదిరూపాయల వానికిని పదివేల వానికిని అక్కడ పనియుండెను. హైస్ట్రీటను పేరు దానికి తగినది.

2009లో ఆ ఆవరణముననే పెలేడియము వెలసెను. దీని నిర్మాణమును నిందింప మేము సిద్ధముగా లేము. నడవలు విశాలములు, నేల నునుపు, నడుమ నున్న చావడి ఎత్తైనది, వెలుతురు గలది. చలువయంత్రములు ముంబయి ఉక్కను మరపించును. విదేశముల పేరుమోసిన సంస్థల దుకాణములు వరుసగా దీరినవి. చేతిసంచులు, గడియారములు, అత్తరులు మొదలగువాని నమర్చిన తీరునం దొక కళ గలదు. కాని ఏ కట్టడమునకైనను ఒక స్వరముండును. తొలి ముంగిలి స్వరము పిలుపు. ఈ చావడి స్వరము గుసగుస. లోపలికి పోయిన మనవారు తమంత తామే గొంతు తగ్గింతురు, పిల్లల చేయి గట్టిగా పట్టుకొందురు, బట్టల మడతలు సరిచేసికొందురు. బజారునందు మనుష్యుడు బేరమాడును. ప్రాసాదమునందు తన్ను తాను పరీక్షించుకొనును.

ఈ మార్పునకు ఎవరి దుర్బుద్ధియు కారణము కానక్కరలేదు. లెక్కయే చాలును. నునుపైన నేలకును, ఎత్తైన చావడికిని, చలువకును వ్యయము మిక్కుటము. ఆ వ్యయము చదరపు అడుగు అద్దెలో చేరును. అద్దె పెరిగినచో గిన్నెలమ్మువాడు నిలువలేడు. గిన్నెలవానికంటె తక్కువ చోటులో ఎక్కువ లాభము తీయగలవాడు ఆ చోటికి వచ్చును. అంగడి మారినచో వచ్చువారు మారుదురు. వచ్చువారు మారినచో వారి అభిరుచికి తగినట్లు మరల నేల మార్చవలసివచ్చును. ఇట్లు ఒక బాగుసేత మరియొక బాగుసేతకు దారితీయును. నవీకరణమనునది గోడలతో ఆగునది కాదు. అది చిట్టచివరకు మనుష్యులనే యేరి కూర్చును.

ఇచ్చట మరియొక ఉదాహరణము స్మరణీయము. 1999లో ఇదే నగరమున హాజీఅలీ సమీపమున క్రాస్‌రోడ్స్ అను మాల్ తెరచినప్పుడు, చేతిఫోనుగాని క్రెడిట్ కార్డుగాని లేనివారు రుసుము చెల్లించి లోనికి పోవలెనని నియమము పెట్టిరి. ఆ కాలమున చేతిఫోను అపురూపవస్తువు. నగరమున నిరసన చెలరేగెను, నియమము నిలువలేదు. ఆ మేడయు పిదప పేరు మార్చుకొని, రూపు మార్చుకొని, నానాటికి తన తొలినాటి సందడిని కోల్పోయెను. ఆ నియమము మొరటుది. మొరటుది గనుకనే దానిని ఎదిరించుటకు వీలయ్యెను. నేటి మేడలకు అట్టి నియమముతో పని లేదు. ద్వారము అందరికిని తెరచియే యుండును. ద్వారపాలకుడు అడ్డగింపకున్నను, సంకోచమను వేరొక ద్వారపాలకుడు మన గుండెలోనే నిలిచి అడ్డగించును. వానిపై ఎవరికి ఫిర్యాదు చేయుదుము?

మేము ఈ వ్యాసము వ్రాయబూనుటకు ఒక చిన్న సందర్భము కారణము. మా సంఘమునకు చెందిన వృద్ధు లొకరిని మనుమని పెండ్లిబట్టల నెపమున ఆ మేడకు తోడ్కొని పోతిమి. ఆయన 1970 ప్రాంతమున లోయర్ పరేలునందే వేరొక మిల్లులో బదిలీ పనివానిగా చేరి, సాంచాలు నడిపి, సమ్మెతో పని పోగొట్టుకొన్నవారు. ముంగిట నిలిచియున్న పాత పొగగొట్టమును చూచి మేము ముచ్చటపడి ఆయనకు చూపించితిమి. ఆయన దానివంక ఒకమారు చూచి ఊరకుండిరి. తమ కాలమున సాంచాలు విద్యుత్తుతో నడచెడివనియు, గొట్టముతో తమకు సంబంధము తక్కువయనియు, తమకు జ్ఞాపకమున్నది భోంగా యనియు చెప్పిరి. అది ఇట్టి ఆవరణమున ఏ మూల నుండెడిదో ఊహించుచు కొంతసేపు చుట్టును చూచిరి. పిదప లోపల ఒక దుకాణమున వ్రేలాడుచున్న చొక్కా అంచును రెండు వ్రేళ్ళ నడుమ నలిపి, కన్నులు మూసికొని, నూలు అరువది నంబరు పైమాటయని, నేత మంచిదని మెచ్చుకొనిరి. ధర చీటీని త్రిప్పి చూచి, చంటిబిడ్డను పడుకొనబెట్టినట్లు మెల్లగా ఆ అంచును వదలిరి. వారి ముఖమున కోపముగాని దుఃఖముగాని మాకు కానరాలేదు. ఆ మేడలోని వస్త్రము నాణెమును ఆయనకంటె బాగుగా ఎరిగినవా రా పూట లోపల మరెవరైన నుండిరో లేదో చెప్పజాలము. ఆ యెరుకకు మాత్రము అక్కడ స్థానము లేదు.

ఈ సంఘటన మాకు విమర్శసూత్ర మొకటి నేర్పినది. బాగుచేయువాడు కంటికి ఇంపైనదానిని కాపాడును. పనిచేసినవాని మనస్సులో మిగిలినది వేరొకటి కావచ్చును. పొగగొట్టము ఎత్తైనది, చిత్రపటమునకు తగినది, మేడకు తిలకమువంటిది. దానిని నిలిపినవారిని మేము అభినందింతుము; ఎన్నో మిల్లులలో అదియు మిగులలేదు. అయినను పొగగొట్టము తానై మాటలాడదు. ఎన్ని షిఫ్టులు నడచినవో, ఏయే దేశములవారు ఏయే భాషలలో ఒకరినొకరు కేకవేసికొనిరో, దూదిపొడి పీల్చి ఎందరు ఊపిరితిత్తులు చెడగొట్టుకొనిరో అది చెప్పలేదు. చెప్పువాడు లేని గురుతు క్రమముగా అలంకారమగును. మూలవిరాట్టు లేక ధ్వజస్తంభము మాత్రము నిలిచిన గుడివంటి దది. కళను బాలాలయమున నిలుపవలసిన కాలమున, అనగా మిల్లులు మూతపడిన 1980, 90లలో, ఆ పని ఎవరును చేయలేదు. ఇక కుంభాభిషేకమునకు కలశ మెక్కడిది?

ప్రాకారము వెలుపలి సంగతియు విమర్శలో చేరవలసినదే. మిల్లు కార్మికుడు తరచుగా నడచి పనికి పోగల దూరమున నివసించెడివాడు; చాళ్ళు మిల్లులు ఇరుగుపొరుగు. నేడా నేలమీద కచేరీలు, అంగడిమేడలు వచ్చినవి; వానిలో పనిచేయువారు వసయి, విరార్, కల్యాణముల నుండి లోకల్ రైళ్ళలో వచ్చుచున్నారు. లోపలి నడవలు విశాలమైనవి కాని స్టేషను వంతెనలు ఆ వేగమున విశాలము కాలేదు. 2017 సెప్టెంబరు 29న సమీపముననే యున్న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను పాదచారుల వంతెనపై త్రొక్కిసలాటలో 23 మంది ప్రాణములు గోల్పోయిరి. లోయర్ పరేలు స్టేషనుమీది డిలైల్ రోడ్ వంతెనను 2018 జూలైలో మూసిరి. అది పూర్తిగా తెరచుటకు 2023 నవంబరు పట్టెను. ఈ కష్టములకు ఒక మేడయే కారణమని మేమనము. ప్రతి ప్రాకారమును తన ముంగిలిని మాత్రమే చక్కదిద్దుకొన్నచో వీథి ఎవరి సొత్తును కాకుండ పోవునని మాత్రము చెప్పుచున్నాము. మాల్ అను మాటయే లండనులో జనులు షికారు చేయు చెట్లనీడబాట పేరునుండి పుట్టినది. బాటపేరు పెట్టుకొన్న మేడలు బాటను మరచుట వింతగానున్నది.

మా మాటలకు ప్రతివాదము లేకపోలేదు. మిల్లు స్వర్గము కాదు. చెవులు చిల్లులుపడు రొద, దూదిపొడి, రాత్రిషిఫ్టు, బదిలీవాని అనిశ్చితి, ఇవి మరచి మిల్లును గూర్చి తీపిపాటలు పాడుట అన్యాయము. మన పిల్లలు ఆ శాలలకు తిరిగిపోవలెనని ఏ తల్లియు కోరదు. అంగడిమేడ చలువగదులలో పని యిచ్చినది. ఆడపిల్లలు రాత్రి పదిగంటల వరకు నిర్భయముగా తిరుగగల తావు నిచ్చినది. ఎండకు వానకు ముసలివారికి నీడ నిచ్చినది. చాళ్ళలో పెరిగిన మన యువకులు కొందరు నేడిట్టి మేడలలో అమ్మకపువారుగా, లెక్కలు చూచువారుగా, అలంకరణ నేర్చినవారుగా పనిచేయుచున్నారు. ఇవన్నియు మేమంగీకరింతుము. కాని పోలిక చూడవలసినది మిల్లునకును మేడకును కాదు. ఉండిన మేడకును ఉండదగిన మేడకును. తొలి ముంగిలి ఎట్టిదో చూచినవారము గనుక, ఇదే నేలమీద ధనికునికిని పేదకును చోటు కల్పించుట అసాధ్యము కాదని మేమెరుగుదుము. కార్మికులకు ఇండ్లిచ్చు పథకమునకు లక్షకు పైబడి దరఖాస్తులు వచ్చినవి. ఇండ్లు దొరికినవారు అందులో కొలదిమంది. ఈ సంగతి నెరిగి పాలరాతిని చూచువానికి పాలరాయి కొంత మసకగానే కనబడును.

ఇతర ప్రాంతముల తెలుగుసోదరులకును ఇట్టి యనుభవము కొత్త కాదు. మదరాసువారు మూర్ మార్కెట్టును మరువలేరు. పాతపుస్తకములకు పేరొందిన ఆ ఎఱ్ఱకట్టడము 1985 మే నెలలో అగ్నికి ఆహుతియైనది. ఆ చోట రైల్వేవారి మేడ లేచినది. వర్తకులకు ప్రక్కనే వేరుచోటు దొరికినది కాని పాత మార్కెట్టు తిరిగిరాలేదు. బెంగుళూరు మల్లేశ్వరమున రాజా మిల్లు నేలమీద మంత్రి స్క్వేర్ అను మాల్ వెలసినది. ఇందుకు భిన్నముగా ముంబయిలోనే 1869నాటి క్రాఫర్డ్ మార్కెట్టు, నేటి మహాత్మా జ్యోతిబా ఫూలే మండీ, ఎన్ని మరమ్మతులు పొందినను పండ్లమ్మువానిని, బేరమాడు ఇల్లాలిని విడువలేదు. కట్టడము పాతబడుట దోషము కాదు, బాగుపడుటయు దోషము కాదు. వాడుక నిలిచినచోట బాగుసేత జీర్ణోద్ధరణము. వాడుక తొలగినచోట అది రూపాంతరము.

పరులను విమర్శించిన నోటితో మనలను మనము విమర్శించుకొనకున్న ఈ వ్యాసము సగమే యగును. మన సంఘముల భవనములును పాతబడినవి. చాళ్ళు కూలి ఆకాశహర్మ్యములు లేచుచుండగా మన భజనమందిరములు, గ్రంథాలయములు వానిలో ఒక మూలగదికి మారుచున్నవి. సభామందిరమును చలువయంత్రములతో, మెత్తని కుర్చీలతో తీర్చిదిద్దిన పిమ్మట దాని అద్దె పెరిగి, సాయంకాలము పత్రిక చదువుకొనుటకు వచ్చెడి విశ్రాంత కార్మికులు రాకుండుట మనమెరుగనిదా? పాత బీరువాలు శోభగా లేవని తీసివేసినప్పుడు అందులోని పుస్తకముల గతియేమని ఎందరమడిగితిమి? తెలుగు పాఠములు చెప్పిన గదిని పెండ్లివిందుల వంటశాలగా మార్చినప్పుడు ఆ పాఠములకు బాలాలయము కట్టితిమా? ఫీనిక్స్ యజమానులకు లాభనష్టముల లెక్క యున్నది. మనకు ఆ సాకు కూడ లేదు.

అందుచేత మూడు విన్నపములు చేసి విరమింతుము. మొదటిది, మిల్లునేలలపై వెలసిన మేడల యజమానులకు: మీ ఆవరణమున మిగిలిన పొగగొట్టము పాదమున, ఈ నేలమీద ఏ పని జరిగెనో, ఏయే ప్రాంతములవారు చేసిరో మరాఠీలోను, ఆ కార్మికులు మాటలాడిన ఇతర భాషలలోను, వానిలో తెలుగునందును, నాలుగు పంక్తులు స్పష్టముగా చదువ వీలగునట్లు చెక్కించుడు, దాని చుట్టును, ఏమియు కొననక్కరలేక ఎవరైనను కూర్చుండుటకు పది అరుగులు కట్టించుడు. రెండవది, నగరపాలకులకు: ఒక ప్రాకారమునకు అనుమతి యిచ్చునప్పుడు దాని ముందరి వీథిని, వంతెనను, స్టేషనును కూడ ఆ పటములోనే చూడుడు. మూడవది మనకే: మిల్లులలో పనిచేసిన పెద్దలు మన యిండ్లలో ఇంకను ఉన్నారు, వారి వయస్సు డెబ్బది దాటినది. వారు వాడిన మాటలను, పాడుకొన్న పాటలను, ఎరిగిన నూలునంబరులను వారి నోటనే విని వ్రాసి భద్రపరతుము. ప్రతి కుటుంబమున ఒక పిల్లవాడు ఒక తాత ముందు కాగితము కలము పట్టుకొని కూర్చున్న చాలును.

అదియే మనకు సాధ్యమైన బాలాలయము. ఆ మేడ గర్భగృహమున కళను మరల నిలుపు రోజు వచ్చునో రాదో మేము చెప్పజాలము. వచ్చిననాడు మన చేతిలో కలశ ముండవలెను.